నవంబరులో ఆగిపోయే పరుగు

మా కమ్యూనిటీలో పొద్దున్నే పరిగెత్తేవాళ్ళు ఏటా నవంబరు రెండో వారానికల్లా సగమైపోతారు. గేటు దగ్గర వాచ్‌మన్ కూడా కనిపెట్టాడు. "చలి కదా మేడమ్" అంటాడు. హైదరాబాద్ నిజాంపేటలో నవంబరు చలి ఏపాటిది? మంకీ క్యాప్ పెట్టుకున్న పెద్దవాళ్ళు అదే చలిలో రోజూ నడుస్తూనే ఉన్నారు. మానేసింది ముప్ఫై, నలభై ఏళ్ళవాళ్ళం, అందులోనూ ఎక్కువ సాఫ్ట్‌వేర్ వాళ్ళం. నేనూ వరసగా రెండేళ్ళు నవంబరులోనే మానేశాను. మూడో ఏడు గానీ కారణం తట్టలేదు. అమెరికాలో గడియారాలు మారాయి, అంతే.

అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు తిప్పుతారు, నవంబరు మొదటి ఆదివారం మళ్ళీ వెనక్కి తిప్పుతారు. మన గడియారం కదలదు. న్యూయార్క్‌లో ఉదయం 9 గంటల మీటింగు వాళ్ళ వేసవిలో మనకి సాయంత్రం 6:30కి పడుతుంది. నవంబరు నుంచి 7:30కి. కాలిఫోర్నియా క్లయింటు అయితే రాత్రి 9:30 కాల్ కాస్తా 10:30 అవుతుంది. గంటే కదా అనిపిస్తుంది. ఆ గంట భోజనాన్ని జరుపుతుంది, భోజనం నిద్రని జరుపుతుంది, నిద్ర వెళ్ళి పొద్దున 5:30 అలారం మీద పడుతుంది. మొదటి వారం మొండిగా లేస్తాం. రెండో వారం అలారాన్ని నోరు మూయిస్తాం. మూడో వారానికి షూస్ మీద దుమ్ము.

అప్పుడు మనకి మనం చెప్పుకునే మాట ఒకటుంది: "నాకు పట్టుదల లేదు." తెలుగువాళ్ళకి ఆరంభశూరులని ఎలాగూ పేరుంది కాబట్టి ఆ మాట సులువుగా అతుక్కుంటుంది కూడా. నేను మాత్రం దాన్ని ఇప్పుడు ఒప్పుకోను. పొద్దుటి పరుగు పొద్దున తెగదు. ముందురోజు రాత్రి, మన చేతిలో లేని ఒక క్యాలెండర్ దగ్గర తెగుతుంది. పరుగు నిలవాలంటే ముందు ఆ క్యాలెండర్ని చదవాలి.

21 రోజుల సంగతి

ఏ పనైనా 21 రోజులు చేస్తే అలవాటైపోతుందన్న ముక్క తిరగని ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు ఉండదు. దాని పుట్టుక తమాషాగా ఉంటుంది. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ 1960లో అచ్చయిన తన పుస్తకంలో, ముఖానికి ఆపరేషన్ అయినవాళ్ళు అద్దంలో కొత్త మొహానికి అలవాటు పడడానికి కనీసం 21 రోజులు పడుతోందని రాశాడు. చేతులు మారుతూ ఉంటే "కనీసం" జారిపోయింది. ఆ తర్వాత మొహం కూడా జారిపోయి, దాని చోట్లోకి పరుగు, ధ్యానం, స్పోకెన్ ఇంగ్లిష్ అన్నీ వచ్చి కూర్చున్నాయి.

లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం దీన్ని కొలిచి చూసింది. ఆ ఫలితాలు 2010లో అచ్చయ్యాయి. 96 మందిని తీసుకుని, తలా ఒక పని ఎంచుకోమన్నారు. దాన్ని రోజూ ఒకే సందర్భానికి ముడిపెట్టి 12 వారాలు చేయాలి. మధ్యాహ్న భోజనంతో ఒక పండు తినడం, రాత్రి భోజనానికి ముందు పావుగంట పరిగెత్తడం, అలాంటివి. ఆలోచించకుండా ఆ పని జరిగిపోయే స్థితి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కానీ ఒక్కొక్కరి లెక్క 18 రోజుల నుంచి 254 రోజుల దాకా సాగింది. (12 వారాలంటే 84 రోజులే. కాబట్టి 254 అన్నది గ్రాఫుని పొడిగించి కట్టిన అంచనా.) గ్లాసెడు నీళ్ళు తాగడం లాంటివి తొందరగా పట్టుబడ్డాయి, వ్యాయామం ఆలస్యంగా పట్టుబడింది.

అందులో నాకు పనికొచ్చినవి ఈ అంకెలు కావు. ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదన్నది మొదటిది. రెండోది ఆ "ఒకే సందర్భం" అన్న మాట.

ఐదున్నర అన్నది సందర్భం కాదు, అంకె. మన ఉద్యోగాల్లో గడియారం అంకెకి నిలకడ లేదు. కొత్త సాఫ్ట్‌వేర్ విడుదల చేసే రిలీజ్ వారంలో ఒకలా, ఎప్పుడు పిలిచినా పలకాల్సిన ఆన్‌కాల్ వారంలో ఒకలా ఉంటుంది. అందుకని ఉద్యోగం జోలికి రాని దేనికైనా పరుగుని కట్టేయాలి. మా పాప స్కూల్ బస్సు 7:20కి వస్తుంది. ఆ బస్సుకి అమెరికాతో ఏ సంబంధమూ లేదు. మూడో ఏడు నవంబరులో నేను చేసిందల్లా, పాపని బస్సెక్కించడానికి చెప్పులకి బదులు షూస్ వేసుకుని దిగడం. బస్సు మలుపు తిరగగానే నేను రెండో వైపు తిరుగుతాను. పైకి వెళ్ళి, కాస్త కాఫీ తాగి, తర్వాత వెళ్దాం అనుకున్న రోజున వెళ్ళినట్టు నా చరిత్రలో లేదు. "ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను" అని ముందే కట్టుకున్న సంకల్పం, ఊరికే "వారానికి మూడు రోజులు పరిగెత్తాలి" అనుకోవడం కంటే బలంగా పనిచేస్తుందని పీటర్ గొల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో రాశాడు. నాకు అది బస్సు స్టాపులో అర్థమైంది.

ఇక్కడో చిక్కుంది. ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా బడికి సెలవులు, బస్సు రాదు. పైగా ఏప్రిల్లో ఏడున్నరకే ఎండ నెత్తిమీదుంటుంది. అదృష్టం కొద్దీ అప్పటికి అమెరికా గడియారం ముందుకి జరిగి ఉంటుంది. కాల్స్ గంట ముందే అయిపోతాయి, పదిన్నరకి పడుకోవచ్చు, ఐదున్నరకి లేవచ్చు. ఎండాకాలం పెందరాళే పరిగెత్తాలి, అప్పుడు పెందరాళే లేవగలం. చలికాలం లేవలేం, అప్పుడు ఆలస్యమైనా ఎండ కొట్టదు. హైదరాబాద్ వాతావరణమూ వాషింగ్టన్ గడియారమూ మనకి తెలియకుండా ఇంత చక్కగా ఒప్పందం చేసుకుని ఉంటే, నేను రెండేళ్ళు ఒకే అలారంతో రెండింటిమీదా యుద్ధం చేశాను.

షిఫ్టులు మారే వాళ్ళకి, అంటే నర్సులకి, నైట్ సపోర్టులో ఉన్నవాళ్ళకి, బస్సు లెక్క కుదరదు. వాళ్ళకి నిలిచే సందర్భం ఒకటే, నిద్ర లేవడం. అది మధ్యాహ్నం రెండైనా సరే, "లేచిన గంటకి" అని కట్టుకోవచ్చు. మా వదిన ఆసుపత్రిలో పనిచేస్తుంది, ఆమెది ఇదే పద్ధతి.

తల అలిస్తే కాళ్ళు ఎందుకు బరువు

రోజంతా కుర్చీలో కూర్చుని, సాయంత్రం పరిగెత్తబోతే కాళ్ళు ఇసుకమూటల్లా ఉంటాయి. "ఒంటికి పనే లేదు కదా, అలసటెక్కడిది?" అని ఇంట్లోవాళ్ళు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2009లో సామ్యుయేల్ మార్కోరా బృందం 16 మందితో దీన్ని పరీక్షించింది. ఒక రోజు వాళ్ళని 90 నిమిషాలు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఏకాగ్రత తప్పితే కుదరని పని చేయించారు. మరో రోజు అంతసేపూ డాక్యుమెంటరీలు చూపించారు. రెండు రోజులూ ఆ వెంటనే ఇక చాలనిపించేదాకా సైకిల్ తొక్కించారు. తల అలిసిన రోజు దాదాపు 15 శాతం ముందే ఆపేశారు. గుండె పనితీరులో, కండరాల లెక్కల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. మారిందల్లా, తొక్కడం ఎంత కష్టంగా అనిపిస్తోందన్నది.

అది తొంభై నిమిషాలు. మనది తొమ్మిది గంటలు, మధ్యలో పైవాళ్ళ దాకా వెళ్ళిన ఫిర్యాదు, అదే ఎస్కలేషన్ మెయిల్, అదనం.

దీన్నించి నేను తీసుకున్న పాఠం, పని ఎక్కువైన రోజు వాచీ వేగాన్ని చూడకపోవడం. అదే శరీరం, అదే దారి, అయినా ఆ రోజు కిలోమీటరుకి నిమిషం ఎక్కువ పడితే "ఫిట్‌నెస్ పోయింది" అని కుంగిపోతాం. పోలేదు, తల అలిసింది. అందుకే దూరాన్ని కాక సమయాన్ని లక్ష్యంగా పెట్టుకోవాలి. పాతిక నిమిషాలంటే పాతిక నిమిషాలే, ఎంత దూరం వస్తే అంత. మొదటి పది నిమిషాల్లో ఒళ్ళు చెప్పే మాటలు నమ్మక్కర్లేదు. పదకొండో నిమిషంలో కూడా అదే మాట చెబితే మాత్రం విని ఇంటికి వచ్చేయాలి.

ఇక నిద్ర. రాత్రి ఒంటిగంటకి పడుకుని ఐదున్నరకి లేచి పరిగెత్తి, ఆ ఫోటో స్టేటస్‌లో పెట్టడం శూరత్వం కాదు, అప్పు. నా నియమం మోటుగా ఉంటుంది. కనీసం ఆరు గంటలైనా నిద్రపోని రాత్రి తర్వాత పొద్దున పరుగు లేదు. సాయంత్రం కాసేపు నడక, అంతే. సాయంత్రం వ్యాయామం చేస్తే నిద్ర పట్టదని భయపడేవాళ్ళున్నారు. పడుకునే ముందు గంటలో ఒళ్ళు విరిగేలా చేస్తే తప్ప, చాలామందికి ఆ ఇబ్బంది రాదు.

ఊపిరి ఒప్పుకుంటుంది, ఎముక ఒప్పుకోదు

మొదలుపెట్టినవాళ్ళు మానేయడానికి ఇంకో పెద్ద కారణం నొప్పి. ఇది ఉద్యోగంతో సంబంధం లేనట్టు కనిపిస్తుంది గానీ, ఉంది. తీరిక లేనివాళ్ళం దొరికిన అరగంటలోనే అంతా పిండేయాలని చూస్తాం. అందుకని గట్టిగా పరిగెత్తుతాం.

ఒంట్లో అన్నీ ఒకే వేగంతో మారవు. పరుగు మొదలెట్టిన రెండు వారాల్లోనే రక్తం పరిమాణం పెరుగుతుంది, నెలా నెలన్నరకి ఆయాసం బాగా తగ్గుతుంది. "అబ్బ, ఎంత హాయిగా ఉంది" అనిపించే ఆ నెలన్నరే ప్రమాదం. ఎందుకంటే ఎముకలు, వాటికి కండని పట్టి ఉంచే స్నాయువులు అప్పటికి ఇంకా సగం దారిలో ఉంటాయి. కొత్త బరువు మీద పడినప్పుడు ఎముక ముందు తనలోని పాత భాగాన్ని తవ్వేసుకుంటుంది, తర్వాత ఆ చోట కొత్తది కట్టుకుంటుంది. ఒక విడత పూర్తవడానికి మూడు నాలుగు నెలలు. ఇల్లు రిపేరులో ఉన్నప్పుడు గోడ కొట్టేసి, కొత్త గోడ లేవకముందు ఉండే స్థితి లాంటిదన్నమాట. సైన్యంలో కొత్తగా చేరినవాళ్ళకి శిక్షణ తొలి వారాల్లోనే ఎముకల్లో సన్నటి పగుళ్ళు రావడం వెనక ఈ కథే ఉంది.

నాకు ఆరో వారంలో వచ్చింది. మూడు కిలోమీటర్లు సుఖంగా వస్తున్నాయి కదా అని ఒక ఆదివారం ఎనిమిది లాగాను. మోకాలి కింద, కాలి ముందువైపు ఎముక వెంబడి నొప్పి. మెట్లు దిగుతుంటే కళ్ళలో నీళ్ళు. డాక్టరు ఆరు వారాలు పరుగు మాన్పించారు. మొదటి ఏడాది నవంబరు రాకముందే నా లెక్క సగం చెడింది అక్కడే.

దీనికి మందు నెమ్మదితనం. ఎంత నెమ్మది అంటే, పక్కన చేతులు ఊపుకుంటూ నడిచే రిటైర్డ్ మాస్టారు మనల్ని దాటి వెళ్ళిపోయేంత. సిగ్గుగా ఉంటుంది, ఉండనివ్వండి. ప్రపంచ స్థాయి క్రీడాకారుల శిక్షణని పరిశీలించిన స్టీఫెన్ సైలర్, వాళ్ళ సెషన్లలో దాదాపు 80 శాతం తేలికపాటి వేగంతోనే సాగుతాయని చూపించాడు. వాళ్ళే తేలిగ్గా పరిగెత్తుతుంటే మనకి ఈ తొందరేంటి? వేగం సరిగ్గా ఉందో లేదో తేల్చడానికి వాచీ అక్కర్లేదు. పరిగెత్తుతూ పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. నా కొలత మరీ ఖచ్చితమైంది. ఖమ్మంలో ఉన్న అమ్మకి ఫోన్ చేస్తాను. "ఏందమ్మా, ఆ రొప్పుడేంది? మెట్లెక్కుతున్నవా?" అని అడిగిందంటే వేగం ఎక్కువైనట్టు. కూరలు, పెళ్ళిళ్ళు, బీపీ మాత్రల సంగతి మామూలుగా నడిచిందంటే సరిగ్గా ఉన్నట్టు.

అసలు పరుగే రానివాళ్ళు నడకతో కలిపి మొదలుపెట్టాలి. 1996లో జోష్ క్లార్క్ అనే అమెరికన్ తన తల్లిని దృష్టిలో పెట్టుకుని తయారుచేసిన తొమ్మిది వారాల పద్ధతి ఇప్పుడు ప్రపంచమంతా తిరుగుతోంది. దాని మొదటి వారం, 60 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక, అలా ఇరవై నిమిషాలు. తొమ్మిది వారాల్లో ముగియకపోతే పద్నాలుగు చేసుకోండి. మీ ఎముకలకి ఆ క్యాలెండరూ తెలియదు.

ఒక మాట మాత్రం నవ్వుకోకుండా చెబుతాను. నలభై దాటినవాళ్ళు, షుగరో బీపీయో ఉన్నవాళ్ళు, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చిన చరిత్ర ఉన్నవాళ్ళు ముందు డాక్టర్ని కలవండి. మన దేశంలో గుండె జబ్బు పాశ్చాత్యుల కంటే చిన్న వయసులోనే మొదలవుతోంది. పరిగెత్తేటప్పుడు ఛాతీలో బిగుతు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, కళ్ళు తిరగడం వస్తే "గ్యాస్" అనుకోకుండా ఆగిపోవాలి, అదే రోజు చూపించుకోవాలి.

అరగంటకి గంటంపావు

"రోజుకి అరగంట దొరకదా?" అని అడిగేవాళ్ళు ఎప్పుడూ పరిగెత్తి ఉండరు. అరగంట పరుగంటే షూస్ వెతకడం, లిఫ్టు, చెమట ఆరేదాకా ఫ్యాను కింద నిలబడడం, స్నానం, తల తడిస్తే అదొకటి. మొత్తం గంటంపావు. దాన్ని అరగంటగా రాసుకున్నవాళ్ళ ప్లాను రెండో రోజే టీమంతా రోజూ కలిసే స్టాండప్ మీటింగుకి గుద్దుకుంటుంది.

అందుకే పరుగు ఇంటి గేటు దగ్గరే మొదలవ్వాలి. కేబీఆర్ పార్కు చుట్టూ నెమలి కూతలు వింటూ పరిగెత్తడం గొప్ప సుఖమే, కాదనను. మాకు అక్కడికి వెళ్ళి రావడానికే గంట. అది ఆదివారం పని. మామూలు రోజున అపార్ట్‌మెంట్ల చుట్టూ 600 మీటర్ల రోడ్డే నా స్టేడియం. విసుగు పుడుతుంది. కానీ కుక్కల బెడద లేదు, చీకట్లో ఎవడు వెంటపడుతున్నాడో అని వెనక్కి చూసుకోనక్కర్లేదు. పరుగు గురించి రాసే మగవాళ్ళకి ఈ రెండో సంగతి ఎందుకో గుర్తురాదు. పొద్దున బాక్సులు ఎవరు కడతారన్నది కూడా గుర్తురాదు. మా ఇంట్లో సోమ, బుధ, శుక్రవారాలు బాక్సులు మా ఆయన పని. ఈ ఒప్పందం షూస్ కంటే ముందు కావాలి. మొదట్లో మూడు వారాలు పులిహోరే వెళ్ళింది, ఎవరూ చావలేదు.

వారానికి మూడు రోజులు చాలా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్ర వ్యాయామం కావాలి. పరుగు తీవ్ర వ్యాయామం కిందికే వస్తుంది, మూడు అరగంటలు పరిగెత్తితే తొంభై నిమిషాలు. 2014లో వచ్చిన ఒక పెద్ద అమెరికన్ అధ్యయనం 55,137 మందిని సగటున పదిహేనేళ్ళు గమనించింది. రోజుకి ఐదు పది నిమిషాలు నెమ్మదిగా పరిగెత్తేవాళ్ళలో కూడా, అసలు పరిగెత్తనివాళ్ళతో పోలిస్తే మరణాల రేటు బాగా తక్కువుంది. పరిగెత్తేవాళ్ళు మామూలుగానే ఇంకాస్త ఆరోగ్యంగా, ఒద్దికగా ఉండేవాళ్ళు కావచ్చు కాబట్టి ఆ పుణ్యమంతా పరుగుదేనని నేననను. కానీ "గంట లేకపోతే దండగ" అన్న మాట తప్పని తేలడానికి అది చాలు. పిండి కొద్దీ రొట్టె.

ఈ కొలతే చెడ్డ వారాన్ని గట్టెక్కిస్తుంది. మనం ప్లాను ఎప్పుడూ మంచి వారం చూసి వేస్తాం, అంటే పండగయ్యాక, లీవులో ఉండగా, కొత్త షూస్ కొన్న రోజున. రిలీజ్ వారం వచ్చేసరికి ఆ ప్లాను మనల్ని దోషుల్ని చేసి వెళ్ళిపోతుంది. నేను తిరగేసి వేసుకున్నాను. చెడ్డ వారానికి రెండు సార్లు, పదేసి నిమిషాలు, అంతే. అది నా అసలు ప్లాను. మామూలు వారాల్లో మిగతాదంతా లాభం కింద జమ.

మారథాన్ సంగతి అడుగుతారు. హైదరాబాద్ మారథాన్ ఏటా ఆగస్టులో జరుగుతుంది. ఆఫీసులో పదిమంది కలిసి రిజిస్టర్ చేసుకుంటారు, టీషర్టులు వస్తాయి, ఫ్లైఓవర్ల మీద ఉక్కపోతలో రొప్పుతూ పూర్తి చేస్తారు, మెడల్ మెడలో పడుతుంది. సెప్టెంబరులో ఒక్కరు కనిపించరు. ఆగస్టు పరుగుకి తయారవ్వాలంటే మే, జూన్ ఎండల్లో దూరాలు పెంచాలి. మొదటి ఏడాదివాళ్ళకి అది తప్పుడు కాలం. ఏడాది పాటు మూడు రోజుల లెక్క నిలిచాక పది కిలోమీటర్లకి పేరిస్తే సరిపోతుంది. నేను ఈసారే ఇచ్చాను.

మొన్న నవంబరు మొదటి ఆదివారం రాత్రి ఫోన్లోంచి 5:30 అలారం తీసేశాను. సోమవారం పదకొండున్నరకి కాల్ ముగిసింది. మంగళవారం 7:20కి బస్సు మలుపు తిరిగింది, నేను రెండో వైపు తిరిగాను. మూడో చుట్టులో గేటు ముందునుంచి వెళ్తుంటే వాచ్‌మన్ టీ గ్లాసు పక్కన పెట్టి, "ఇవాళ లేటయింది మేడమ్" అన్నాడు.